బాలింత ఒళ్ళు – ఎవరి తూకం?

బాలింతల బరువు గురించి దళిత పత్రికలో రాయడమేమిటని కొందరు మిత్రులు అడిగారు. తిండిలేక ఎండిపోతున్న వాళ్ళ గురించి రాయకుండా ఒళ్ళు చేసిన వాళ్ళ గురించి రాయడం మధ్యతరగతి సోకు కాదా అని వాళ్ళ అనుమానం. అనుమానం న్యాయమైందే. లావు ఉన్నోళ్ళ రోగం, బక్కతనం లేనోళ్ళ రోగం అని మనం చాన్నాళ్ళుగా నమ్ముతూ వచ్చాం. లెక్కలు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 18.8 మంది ఉండాల్సిన బరువు కన్నా తక్కువున్నారు. 30.1 మంది ఎక్కువున్నారు. 57.6 మందికి రక్తహీనత ఉంది. ఈ మూడు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. రక్తం లేనోళ్ళంతా బక్కోళ్ళే కారని తేలిపోతుంది. ఒంటి మీద కండ కనిపిస్తే కడుపు నిండుతున్నదని అనుకునే మన చూపులోనే ఏదో తప్పుంది.

ఈ తప్పు చూపు ఊరికే పోదు. దానికి ఫలితాలున్నాయి. కాన్పు తర్వాత ఒళ్ళొచ్చిన పేదింటి ఆడమనిషిని చూసి పనిలో పెట్టుకున్న అమ్మగారు "కూసొని తిని బలిసింది" అంటుంది. దవాఖానాలో "తిండి తగ్గించుకో" అంటారు. ఇంట్లో మొగుడు ఇంకో మాటంటాడు. ముగ్గురి మాటల్లోనూ ఉన్న అర్థం ఒకటే – తప్పు ఆమెది, ఆమె నోటిది, ఆమె బద్ధకానిది. తరతరాలుగా మన కులాల మీద వేసిన నిందలే ఇవి. తిండిపోతులు, శుభ్రం తెలీనోళ్ళు, అదుపు లేనోళ్ళు. ఇప్పుడు అదే నింద ఆరోగ్యం అనే తెల్లబట్ట కట్టుకొని వచ్చింది.

అందుకే ఈ వ్యాసంలో మేం ఒక పని చేయదలచుకున్నాం. పత్రికల్లో ఆడవాళ్ళ పేజీలు, టీవీల్లో ఆరోగ్య కార్యక్రమాలు, ప్రైవేటు ఆసుపత్రుల కరపత్రాలు బాలింతలకు చెప్పే సలహాల సారాన్ని నాలుగు మాటలుగా విడగొట్టుకున్నాం. బిడ్డ పడుకున్నప్పుడు నువ్వూ పడుకో. పండ్లు, పప్పులు, కూరగాయలు తిను, అన్నం తగ్గించు. రోజూ అరగంట నడువు. డాక్టర్ను కలువు. ఈ నాలుగూ వైద్యపరంగా తప్పులు కావు. సాహిత్య విమర్శలో మనం ఒక కథను "ఇది ఎవరి ఇంట్లో జరుగుతోంది? ఇందులో వంట ఎవరు చేస్తున్నారు?" అని అడిగినట్టే, ఈ సలహాలను కూడా అడుగుదాం. హైదరాబాద్ పాతబస్తీలో లాల్‌దర్వాజ, ఉప్పుగూడ వైపు దళిత వాడల్లోనూ, తలాబ్‌కట్ట, యాకుత్‌పుర వైపు ముస్లిం గల్లీల్లోనూ నిలబడి వాటిని చదువుదాం.

బిడ్డ పడుకున్నప్పుడు నువ్వూ పడుకో

ఈ వాక్యంలో ఒక ఇల్లుంది. ఆ ఇంట్లో జీతం తెచ్చే భర్త, వండిపెట్టే అత్తో అమ్మో, గిన్నెలు తోమే పనిమనిషీ ఉన్నారు. ఆ పనిమనిషి కూడా నాలుగు నెలల కింద కన్నదే అయితే ఆమె ఎప్పుడు పడుకోవాలో ఈ వాక్యం చెప్పదు.

పాతబస్తీలో ఆడవాళ్ళ పని ఎక్కువగా ఇంటి గోడల మధ్యే జరుగుతుంది. లాడ్‌బజార్‌లో మెరిసే లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గాజుల వెనుక బొగ్గుల కుంపటి ముందు గంటల తరబడి కూసున్న చేతులున్నాయి. కార్చోబు పని ఉంది, అగర్‌బత్తీలు చుట్టే పని ఉంది. ఇవన్నీ లెక్క కట్టి కూలి ఇచ్చే పనులు. ఎన్ని చేస్తే అంత. బిడ్డ పడుకున్న సమయమే ఆమెకు చేతులు ఖాళీ అయ్యే సమయం. అప్పుడు పడుకుంటే ఆ పూట కూలి లేదు. పైగా అది కదలకుండా కూసొని చేసే పని. మెడ వంగుతుంది, నడుము పడుతుంది, ఒళ్ళు పెరుగుతుంది. "కూసొని తిన్నది" అన్నోళ్ళకు ఆమె కూసొని ఏం చేసిందో కనబడదు.

1961 ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చారు. మంచిదే. కానీ అది పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో ఉద్యోగులకు. ఇండ్లల్లో పనిచేసేవాళ్ళు, ఇంట్లో కూసొని గాజులకు రాళ్ళు అతికేవాళ్ళు దాని బయటే ఉన్నారు. నగరపాలక సంస్థ కాంట్రాక్టులో రోడ్లూడ్చే దళిత స్త్రీకి ఈఎస్ఐ కింద హక్కుంది. అది చందా కట్టిన రోజుల లెక్క మీద, కాంట్రాక్టరు రాసిన కాగితం మీద ఆధారపడి ఉంటుంది.

2017లో తెలంగాణ ప్రభుత్వం కేసీఆర్ కిట్ పథకం మొదలుపెట్టినప్పుడు, సర్కారు దవాఖానాలో కాన్పయిన తల్లికి కూలి నష్టం పూడ్చడానికని మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు విడతలుగా ఇస్తామంది. ఉద్యోగినికి ఇచ్చిన 26 వారాలతో దీన్ని భాగించి చూశాం. 182 రోజులకు 12,000 అంటే రోజుకు 66 రూపాయలు. ఆడబిడ్డయితే 71. ఒకామెకు పూర్తి జీతం, ఇంకొకామెకు రోజుకు అరవై ఆరు. ఇద్దరి గర్భసంచీ ఒకటే, ఇద్దరి కుట్లూ ఒకటే.

ఇక్కడ బాబాసాహెబ్‌ను గుర్తుచేసుకోక తప్పదు. 1928 జూలై 28న బొంబాయి శాసనమండలిలో ఫ్యాక్టరీ స్త్రీల ప్రసూతి ప్రయోజన బిల్లును బలపరుస్తూ ఆయన మాట్లాడాడు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి కొంత విశ్రాంతి దొరకడం దేశానికే మేలనీ, ఆ భారాన్ని ప్రధానంగా ప్రభుత్వమే మోయాలనీ, స్త్రీ శ్రమతో లాభపడే యజమాని కూడా తప్పించుకోడానికి వీల్లేదనీ వాదించాడు. మరుసటేడు ఆ చట్టం వచ్చింది. 1943లో వైస్రాయి మండలిలో కార్మిక సభ్యుడిగా గని కార్మిక స్త్రీల ప్రసూతి చట్టానికి సవరణ తెచ్చిందీ ఆయనే. బాలింత విశ్రాంతిని అంబేడ్కర్ కూలి ప్రశ్నగా చూశాడు. మన పత్రికలు దాన్ని ఇప్పటికీ నిద్ర అలవాటుగానే చూస్తున్నాయి.

అన్నం తగ్గించు, పండ్లు తిను

అన్నం తగ్గించి ఏం తినాలె? ఈ ప్రశ్నకు జవాబు రేషన్ షాపులో వెతకాలి. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పెట్టింది. ఆ బియ్యం మా ఇండ్లల్లో పొయ్యి వెలిగించింది. మాలాగా ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినోళ్ళలో చాలామంది ఒంట్లో ఆ బియ్యమే ఉంది. దాన్ని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. 2015 నుంచి తెలంగాణలో మనిషికి ఆరు కిలోలు రూపాయి లెక్కన ఇచ్చారు. 2025 ఉగాదికి దొడ్డుబియ్యం పోయి సన్నబియ్యం వచ్చాయి. నలభై ఏళ్ళలో బియ్యం ధర మారింది, సైజు మారింది. పక్కన పప్పు మాత్రం స్థిరంగా చేరలేదు. 2013లో 'అమ్మహస్తం' పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చారు, అందులో కందిపప్పు ఉంది. అది ఎక్కువ కాలం నిలవలేదు.

కడుపు నింపే బాధ్యత సర్కారు కొంత తీసుకుంది. ఒంటికి కావాల్సింది ఇచ్చే బాధ్యత బజారుకు వదిలేసింది. బజారులో అన్నిటికన్నా చవగ్గా దొరికేది పామాయిలూ చక్కెరా. పేదతల్లి ఒంటి మీద పేరుకున్న కొవ్వు విందుల కొవ్వు కాదు. తెల్లన్నం, పామాయిలు, చక్కెర చాయలతో వచ్చిన కొవ్వు. అందుకే దాని పక్కనే రక్తహీనత కూడా ఉంటుంది.

ఇంకో విషయం. పాతబస్తీలో దళితులకూ ముస్లింలకూ ఉమ్మడిగా అందుబాటులో ఉన్న మాంసకృత్తుల తిండి పెద్దకూర. బాలింతకు మాంసకృత్తులు కావాలని చెప్పే ఏ ఆడవాళ్ళ పేజీలో పెద్దకూర పేరు కనబడుతుంది? పనీరుంటుంది, బాదంపప్పులుంటాయి, మొలకలుంటాయి. మూసీకి అవతల తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో గొడ్డుమాంసం ఏ భాగంలో ఏముందో లెక్కకట్టి రాశారు. ప్రయోగశాలకు లేని అంటు సలహాకు ఉంది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా క్యాంపస్‌లో బీఫ్ ఫెస్టివల్ జరిగినప్పుడు, ఇది తిండి మీద గౌరవం కోసం పోరాటమని మన విద్యార్థులన్నారు. ఆ గౌరవం సభలకూ వేదికలకూ ఆగిపోకూడదు. బాలింతకిచ్చే చీటీ మీదికి కూడా రావాలి. మన రాష్ట్రంలో అంగన్‌వాడీల్లో గుడ్డు ఇస్తున్నారు. మధ్యప్రదేశ్‌లో 2015లో ముఖ్యమంత్రి దానికి అడ్డం పడ్డాడు. గుడ్డు కూడా కులం దాటి రావాల్సిన దేశమిది.

ఇక అదే సంస్థ లెక్క ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలు కన్నా రోజుకు 600 కేలరీలు ఎక్కువ కావాలి. ఒకపక్క బిడ్డ కోసం ఎక్కువ తినమంటారు, ఇంకోపక్క అందం కోసం తగ్గమంటారు. డబ్బున్నామె ఈ రెండింటి మధ్య డైటీషియన్ను పెట్టుకుంటుంది. లేనామె రెండు తిట్లూ తింటుంది.

రోజూ అరగంట నడువు

తెల్లారకముందే చీపురు పట్టుకొని చార్మినార్ చుట్టూ రోడ్లూడ్చే స్త్రీకి ఈ సలహా ఇచ్చి చూడండి. ఆమె రోజూ నడిచే నడకకు వ్యాయామం అని పేరు లేదు, పని అని పేరు. ఆ నడకలో దుమ్ముంది, వంగుడుంది, మేస్త్రి అదిలింపుంది. అది ఒంటిని నిలబెట్టేది కాదు, అరగదీసేది. ఇంట్లో కూసొని గాజులు చేసే స్త్రీది ఇంకో కథ. ఒక గది, పైన రేకులు, కింద గల్లీ. బిడ్డను ఎవరి చేతుల్లో పెట్టి, ఏ మైదానంలో, ఏ వేళ నడవాలె? నడకకు కావాల్సిన మొదటి వస్తువు చెప్పులు కావు, బిడ్డను పట్టుకునే ఇంకో జత చేతులు.

మన నగరంలో వ్యాయామం జాగా ఉన్నోళ్ళ హక్కు. పార్కులున్న కాలనీల్లో తెల్లారి నడిచేవాళ్ళను చూసి సంతోషిస్తాం. వాళ్ళు నడిచే దారిని ఊడ్చిన చేతుల గురించి ఆలోచించం.

డాక్టర్ను కలువు

ఎందుకు కలవాలె? కలిస్తే ఏం చూస్తారు? మా వాదన అంతా ఇక్కడికే వస్తుంది.

గర్భిణికి సర్కారు ఇచ్చే మాతాశిశు సంరక్షణ కార్డు తీసి చూడండి. గర్భంతో ఉన్నన్నాళ్ళు ప్రతి పరీక్షలో ఆమె బరువు రాయడానికి గడి ఉంది. కాన్పు తర్వాత పట్టికకు రండి. రక్తస్రావం, జ్వరం, నాడి, బీపీ, రొమ్ములు, కుట్లు, కుటుంబ నియంత్రణ సలహా – వీటికి గడులున్నాయి. తల్లి బరువుకు గడి లేదు. బరువు గడి బిడ్డ వైపుకు పోయింది. అంటే ఆమె కడుపులో బిడ్డ ఉన్నంతకాలమే ఆమె తూకానికి విలువ. బిడ్డ బయటికి రాగానే తక్కెడ బిడ్డ వెంట పోయింది.

ఇది ఒక కార్డు లోపం మాత్రమే అని మేం అనుకోవడం లేదు. 1975లో మొదలైన ఐసీడీఎస్ నుంచి ఇప్పటిదాకా పేదతల్లిని సర్కారు చూసే చూపే అది. 2015 జనవరిలో మొదలైన ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణికీ బాలింతకూ అంగన్‌వాడీలో ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. మంచి పథకం. ఐతే మధ్యాహ్నం పూట కేంద్రానికి వచ్చి కూసొని తినాలె. పనికి పోయే తల్లి ఆ వేళకు ఎట్లా వస్తుంది? బిడ్డకు ఆరు నెలలు నిండగానే ఆ పళ్ళెం కూడా ఆగిపోతుంది.

తెలంగాణలో అదే సర్వే ప్రకారం నూటికి 60.7 కాన్పులు కోతలే. ప్రైవేటులో 81.5, సర్కారు దవాఖానాల్లో 44.5. పొట్ట కోయించుకున్న తల్లికి బరువులెత్తొద్దని చెప్పి పంపిస్తారు. నీళ్ళ బిందె బరువులోకి వస్తుందో రాదో ఎవరూ చెప్పరు. చాలామందికి అదే ఊపులో కుటుంబ నియంత్రణ ఆపరేషనూ అయిపోతుంది. "ఆపరేషనైనంక ఒళ్ళొచ్చింది" అని బస్తీల్లో ఆడవాళ్ళంటే చదువుకున్నోళ్ళు మూఢనమ్మకమని నవ్వుతారు. ఆపరేషన్‌తోనే కొవ్వు పెరుగుతుందని మేమూ అనడం లేదు. కానీ ఆ మాటలో ఒక నిజముంది – ఆపరేషన్ తర్వాత మమ్మల్ని ఎవరూ చూడలేదు అన్నది. అంకె నింపుకున్నంక వ్యవస్థ ఆమె నుంచి మొహం తిప్పుకుంది.

మొహం తిప్పుకోవడానికి ఖరీదుంది. గర్భంలో షుగరు వచ్చిన తల్లికి కాన్పయిన ఆరు వారాలకు మళ్ళీ షుగరు పరీక్ష చేయాలని జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. అట్లాంటి తల్లికి తర్వాతి జీవితంలో షుగరు వ్యాధి వచ్చే ప్రమాదం ఎక్కువ. ఆరు వారాలప్పుడు ఆమె దవాఖానాకు వస్తుంది కూడా. బిడ్డకు టీకా వేయించడానికి వస్తుంది. ఆరు, పది, పద్నాలుగు వారాలకు, మళ్ళీ తొమ్మిది నెలలకు వస్తుంది. నాలుగుసార్లు గడప తొక్కిన మనిషిని ఒక్కసారైనా తక్కెడ ఎక్కమనరు.

ఆకలీ లావూ తోబుట్టువులే

మొదట అడిగిన మిత్రుల ప్రశ్నకు ఇప్పుడు సూటిగా జవాబు చెబుతాం. 2004లో పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ యుడ్కిన్ ఇద్దరూ తమ ఫొటోను ఒక వైద్యపత్రికలో వేసుకున్నారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరిదీ ఒకటే అంకె, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఒకరికి నూటికి 9.1, మన దేశస్థుడికి 21.2. మనవాళ్ళ ఒళ్ళు సన్నగా కనిపిస్తూనే పొట్టలో కొవ్వు దాచుకుంటుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు పడ్డ కరువుకూ పెద్దయ్యాక వచ్చే పొట్టకూ, షుగరుకూ సంబంధముందని ఆయనా ఇంకా ఎందరో చూపించారు.

దీనికి మన దగ్గరే ఇంకో సాక్ష్యముంది. 1987–90 మధ్య హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం చేసింది. 15 పల్లెల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ ఐసీడీఎస్ తిండి అందింది, 14 పల్లెల్లో ఇంకా అందలేదు. ఆ పిల్లలు కౌమారానికి వచ్చాక మళ్ళీ కొలిచారు. తిండి అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు. కొవ్వు పెరగలేదు. షుగరు, గుండె జబ్బుల ముందస్తు గుర్తులు వాళ్ళలో తక్కువున్నాయి. ఈ ఫలితం 2008లో అచ్చయింది. పేదతల్లికి వేళకు పెట్టిన పళ్ళెం బిడ్డను బలిపించలేదు, కాపాడింది. ఆకలి మీద పోరాటమూ లావు మీద పోరాటమూ ఒకటేననడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మంత్రసాని చేతులు

మన ఇండ్ల పద్ధతుల గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. బాలింతకు నీళ్ళు తాగనీయకపోవడం, కూరగాయలు ముట్టనీయకపోవడం, వట్టి కారప్పొడి అన్నం పెట్టడం – ఈ పథ్యాలు ఆమెకు మేలు చేయవు. పాతబస్తీ ముస్లిం ఇండ్లల్లో నలభై రోజుల చిల్లా, నెయ్యీ బెల్లం వేసిన అచ్వానీ, గోంద్ లడ్డూలు ఉన్నాయి. అవి కలిగినింటికి ఒకలా, పేదింటికి ఒకలా అందుతాయి. పురుటి మైల అని మూలకు కూచోబెట్టడం బ్రాహ్మణీయమే. అయినా మైల పేరు మీదైనా ఆమెకు పని తప్పించిన ఆ కొద్ది రోజులు కూడా కూలి చేసుకునే కులాల ఆడవాళ్ళకు ఎప్పుడూ పూర్తిగా దొరకలేదు.

ఈ పద్ధతుల్లో ఒకటుంది, దాని గురించి మన పరిశోధకులు తక్కువ రాశారు. బాలింతకు నూనె రుద్ది, వేణ్ణీళ్ళు పోసి, నడుముకు గుడ్డ చుట్టి కట్టిన చేతులు. మాదిగ, మంగలి, చాకలి ఇండ్ల మంత్రసానుల చేతులు. బొడ్డు కోసినందుకు వాళ్ళను అంటరానోళ్ళన్నారు. తర్వాత ఆధునిక వైద్యం వచ్చి అజ్ఞానులంది. ఇప్పుడు అదే నూనె రుద్దుడు, అదే నడుంకట్టు హైదరాబాద్‌లో ప్యాకేజీలుగా అమ్ముడుపోతున్నాయి. నడుంకట్టుతో కొవ్వు కరుగుతుందని మేం అనడం లేదు. రోజుకు ఒక గంట ఆ తల్లి పని మానేసి పడుకునేది, ఇంకొకరు ఆమె ఒంటిని చూసేవాళ్ళు. ఆ చూపే వైద్యంలో సగం. ఆ పని చేసిన కులాల స్త్రీల పేరు ఎక్కడా రాయకుండా ఆ పనిని అమ్ముకోవడం మన శ్రమ చరిత్రలో ఇంకో దోపిడీ.

తొంభైల్లో తెలుగు స్త్రీవాదులు శరీరాన్ని రాజకీయ ప్రశ్న చేశారు. ఆ పని గొప్పది. అప్పుడే దళిత స్త్రీలు, ఎవరి శరీరం అని అడిగారు. ప్రసవించిన ఒంటి అందం గురించీ పొట్ట మీది చారల గురించీ వచ్చే ఇప్పటి రాతలకు కూడా అదే ప్రశ్న వేయాలి. నీ ఒంటిని ప్రేమించుకో అని చెప్పడం బాగుంది. ఆ ఒంటికి విశ్రాంతి కూలి ఎవరిస్తారో కూడా చెప్పాలి.

ఏం అడగాలె?

విమర్శ చేసి చేతులు దులుపుకోవడం మాకిష్టం లేదు. మా వైపు నుంచి అయిదు మాటలు ముందు పెడుతున్నాం.

ఒకటి: కార్డులో కాన్పు తర్వాత తల్లి బరువుకు గడి గీయాలి. బిడ్డ టీకాకు వచ్చిన ప్రతిసారీ తల్లి బరువు, బీపీ, రక్తం చూడాలి. గర్భంలో షుగరు వచ్చినోళ్ళకు ఆరు వారాలప్పుడు ఆ పరీక్షా చేయాలి. 2018 నుంచి బస్తీ దవాఖానాలున్నాయి, అక్కడ చేయొచ్చు.

రెండు: ఇంటిపనివాళ్ళకూ, ఇంట్లో కూసొని పనిచేసేవాళ్ళకూ, కాంట్రాక్టు స్త్రీలకూ 26 వారాల కనీస వేతనాన్ని సర్కారు ఇవ్వాలి. దాంట్లో పని ఇచ్చే వ్యాపారుల నుంచి వాటా వసూలు చేయాలి.

మూడు: అంగన్‌వాడీ పళ్ళెం ఆరు నెలలకు ఆపకుండా ఏడాది దాకా ఇవ్వాలి. రాలేని తల్లికి ఇంటికి పంపాలి. రేషన్‌లో బియ్యంతో పాటు పప్పు, నూనె చేర్చాలి.

నాలుగు: బస్తీలో ఒక గది, ఒక వేళ, పిల్లల్ని చూసే మనిషి – ఆడవాళ్ళు కూడి ఒళ్ళు కదిలించడానికి, మాట్లాడుకోడానికి. ఉర్దూలో, తెలుగులో.

అయిదు: ఈ పనంతా ఆశాల మీద, అంగన్‌వాడీ అక్కల మీద గౌరవ వేతనం పేరుతో రుద్దకుండా, వాళ్ళకు జీతం ఇచ్చి చేయించాలి. వాళ్ళలోనూ బాలింతలున్నారు.

వీటిలో కొన్నిటికి కోట్లు కావాలి, నిజమే. మొదటిదానికి ఒక గీత, ఒక తక్కెడ చాలు. ఆ గీత కూడా ఇన్నేళ్ళు ఎవరూ గీయలేదంటే ఖజానా కన్నా ముందు చూపు గురించే మాట్లాడాలి. ఈ డిమాండ్ల మీద బస్తీ సంఘాలు, ఆశా, అంగన్‌వాడీ యూనియన్లు, దళిత, ముస్లిం స్త్రీల సంఘాలు, వైద్య విద్యార్థులు చర్చ సాగించాలని కోరుతున్నాం. మా వాదనలో లోపాలుంటే ఎత్తిచూపండి, వచ్చే సంచికలో వేసుకుందాం.